పలక మీద ప్రపంచం – 6: ఏడుకీ ఎనిమిదికీ మధ్య

ఆర్డుయినో ఊనో బోర్డు మీ ఇంట్లో ఉంటే, ఈ భాగం చదివే ముందు దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకోండి. అరచేతిలో ఇమిడిపోయే నీలిరంగు పలక. రెండు అంచుల వెంట వైర్లు గుచ్చుకోవడానికి నల్లటి సాకెట్ల వరసలు. డిజిటల్ పిన్నులున్న వైపు సున్నా నుంచి లెక్కపెట్టుకుంటూ రండి. ఒక రంధ్రానికీ పక్క రంధ్రానికీ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదో వంతు. బ్రెడ్‌బోర్డులూ సాకెట్లూ అన్నీ ఈ లెక్కకే తయారవుతాయి. ఏడో పిన్ను దాకా కొలత తప్పదు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య మాత్రం ఎడం 4.06 మిల్లీమీటర్లు ఉంటుంది. అది పదో వంతు అంగుళమూ కాదు, దానికి సరిగ్గా రెట్టింపూ కాదు. ఎనిమిది నుంచి మళ్ళీ పాత కొలతే.

ఈ వింత ఎడం ఎక్కడిదో తెలియాలంటే ఇటలీలోని ఇవ్రెయా అనే చిన్న ఊరికి వెళ్ళాలి. దానికి ముందు గత భాగం నుంచి ఒక్క మాట.

నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో చదువుకుంటున్న ఆల్ఫ్-ఎగిల్ బోగెన్, వెగార్డ్ వొల్లాన్ అనే ఇద్దరు విద్యార్థుల ఆలోచన ఏవీఆర్ మైక్రోకంట్రోలర్‌గా, అంటే ప్రోగ్రాం రాసి పరికరాలను నడిపించే చిన్న చిప్పుగా, రూపం దిద్దుకున్న తీరు గత భాగంలో చూశాం. అట్మెల్ సంస్థ 1996లో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అంతకుముందు చాలా చిప్పుల్లో ప్రోగ్రాం చెరపాలంటే వాటిని అతినీలలోహిత దీపం కింద పెట్టి నిమిషాల తరబడి కాచుకుని కూర్చోవాలి. ఏవీఆర్‌లో ఫ్లాష్ మెమరీ చిప్పు లోపలే ఉంది. పలక మీద రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ రాసినంత సులువుగా ప్రోగ్రాం మార్చుకోవచ్చు. అలా పలక వచ్చింది. దాని మీద రాయడం నేర్పే బడి మాత్రం ఇంకా రాలేదు. ఆ బడి కథే ఇది.

టైపురైటర్ల ఊరు

ఇవ్రెయా పెద్ద ఊరేం కాదు. ట్యూరిన్ నగరానికి ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర, డోరా బాల్తెయా నది ఒడ్డున ఉంటుంది. 1908లో కామిల్లో ఒలివెట్టి అక్కడ ఎర్ర ఇటుకల భవనంలో టైపురైటర్ల తయారీ మొదలుపెట్టారు. ఆయన కుమారుడు ఆద్రియానో హయాంలో ఆ ఫ్యాక్టరీ ఊరి రూపమే మార్చేసింది. కార్మికులకు ఇళ్ళు, పిల్లలకు బడులు, ఒక గ్రంథాలయం, పొడవునా గాజు గోడలున్న పనిశాలలు వెలిశాయి. యంత్రం బాగా పనిచేయడంతో పాటు మనిషి చేతికి ఒదగాలి, కంటికి ఇంపుగా ఉండాలి అన్నది ఒలివెట్టి వారి పట్టుదల.

1965లో ఇదే సంస్థకు చెందిన పియర్ జార్జియో పెరోట్టో బృందం ప్రోగ్రామా 101 అనే యంత్రాన్ని న్యూయార్క్ ప్రదర్శనకు తీసుకెళ్ళింది. కంప్యూటరంటే గది నిండా బీరువాలని అందరూ అనుకునే రోజులవి. ప్రోగ్రామా 101 మామూలు ఆఫీసు బల్ల మీద పట్టేది. ప్రోగ్రాంను ఒక అయస్కాంత కార్డు మీద దాచుకునేది. ధర 3,200 డాలర్లు. లెక్క కావలసిన మనిషి ఎవరినీ బతిమాలకుండా తన బల్ల దగ్గరే కూర్చుని తానే వేసుకోవచ్చన్న ఆలోచన ఆ ఊళ్ళో అంత పాతది.

కాలం ఒలివెట్టిని కూడా వదల్లేదు. పర్సనల్ కంప్యూటర్ల పోటీకి తట్టుకోలేక 1997లో సంస్థ ఆ వ్యాపారాన్ని అమ్ముకుంది. ఊరికి మిగిలినవి పెద్ద భవనాలు, చుట్టుపక్కల చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ పనిశాలలు, యంత్రాల పనిలో ఆరితేరిన చేతులు. 2001లో టెలికాం ఇటాలియా, ఒలివెట్టి నిధులతో అక్కడ ఒక కొత్త విద్యాసంస్థ మొదలైంది. దాని పేరు ఇంటరాక్షన్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్. మనిషికీ యంత్రానికీ మధ్య నడిచే సంభాషణ ఎలా ఉండాలన్నదే అక్కడి చదువు. ఏటా రకరకాల దేశాల నుంచి విద్యార్థులు వచ్చేవారు. వారిలో చాలామంది డిజైనర్లు, చిత్రకారులు. సర్క్యూట్ అంటే ఏమిటో ఎరగనివాళ్ళు.

తపాలా బిళ్ళ ఖరీదు

2002లో మాస్సిమో బాంజీ ఈ సంస్థలో అధ్యాపకుడిగా చేరారు. చెయ్యి ఊపితే వెలిగే దీపం, తడితే పలికే బొమ్మ లాంటివి విద్యార్థుల చేతనే చేయించడం ఆయన పని. ఇలాంటి వాటికి అప్పట్లో అందరూ వాడేది బేసిక్ స్టాంప్ అనే బోర్డు. కాలిఫోర్నియాలోని పారలాక్స్ సంస్థ 1992లో తెచ్చింది. తపాలా బిళ్ళంత ఉండేది కాబట్టి ఆ పేరు. బేసిక్ భాషలో నాలుగు ముక్కలు రాస్తే పనిచేసేది. ఒక తరం అభిరుచిపరులకు అదే మొదటి గురువు.

ఆ గురువుతో ఇవ్రెయాలో రెండు చిక్కులు వచ్చాయి. విద్యార్థులు ఊహించే పనులకు దాని శక్తి చాలలేదు. పైగా బోర్డూ దానికి కావలసిన సరంజామా కలిపి వంద డాలర్ల దాకా అయ్యేవి. వంద డాలర్ల వస్తువు చేతికిచ్చి, భయపడకుండా ప్రయోగాలు చేయమంటే ఎవరు చేస్తారు? ఒక వైరు అటుదిటు గుచ్చితే డబ్బు పోయినట్టే. చేయి కాల్చుకునే స్వేచ్ఛ లేనిచోట చదువు సాగదు.

ఇదే సమయంలో ప్రోగ్రామింగ్‌లో ఒక దారి తెరుచుకుంది. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. బొమ్మలు గీసే కళాకారులు కోడు రాయడం నేర్చుకోవడానికి దాన్ని తయారుచేశారు. తెర మీద ఒక తెల్ల కాగితం లాంటి కిటికీ, పైన రెండు మూడు మీటలు, అంతే. రెండు లైన్లు రాసి మీట నొక్కితే గీత కనబడుతుంది. ఆ రియాస్ ఇవ్రెయాకు పాఠాలు చెప్పడానికి వచ్చారు. ఆయన దగ్గరా, బాంజీ దగ్గరా చదువుకోవడానికి కొలంబియా నుంచి ఒక విద్యార్థి వచ్చారు. ఆయన పేరు హెర్నాండో బరగాన్. ఈ కథలో మనం గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన పేరు ఇది.

బరగాన్ నేర్పిన ఓనమాలు

2003లో బరగాన్ తన మాస్టర్స్ థీసిస్ మొదలుపెట్టారు. ప్రాసెసింగ్ తెర మీద చేసిన పనిని చేతికి తగిలే వస్తువుల్లో చేయగలమా అన్నది ఆయన ప్రశ్న. రియాస్, బాంజీ ఆయనకు మార్గదర్శకులు. 2004లో పూర్తయిన ఆ పనికి వైరింగ్ అని పేరు పెట్టారు.

వైరింగ్ ఎంత పెద్ద మార్పో తెలియాలంటే ఒక చిన్న ఉదాహరణ చూడాలి. ఒక ఎల్ఈడీని వెలిగించి ఆర్పాలి. ఏవీఆర్ చిప్పుతో నేరుగా ఈ పని చేయాలంటే ముందు వందల పేజీల డేటాషీటు తెరవాలి. చిప్పు కాళ్ళు పోర్టులు అనే గుంపులుగా ఉంటాయి. మనకు కావలసిన కాలు పోర్ట్ బీలో అయిదో బిట్టు అని కనిపెట్టాలి. దాని దిశను నిర్ణయించే రిజిస్టర్లో ఆ ఒక్క బిట్టునే ఒకటి చేయాలి, మిగతా ఏడింటినీ కదపకూడదు. ఆ తర్వాత ఇంకో రిజిస్టర్లో మళ్ళీ అదే బిట్టు. ప్రోగ్రాం రాశాక దాన్ని చిప్పులోకి ఎక్కించడానికి వేరే ప్రోగ్రామర్ పరికరం కొనాలి. ఇంజినీరుకు ఇది రోజువారీ పని. కొత్తవాడికి గుమ్మంలోనే ఎదురయ్యే గోడ.

బరగాన్ ఆ గోడలో ద్వారం కోశారు. చిప్పు కాళ్ళకు మామూలు అంకెలు ఇచ్చారు. ఈ పిన్ను బయటికి పంపేదా, లోపలికి తీసుకునేదా అని చెప్పడానికి పిన్‌మోడ్. వెలిగించు, ఆర్పు అని చెప్పడానికి డిజిటల్‌రైట్. ఆగు అని చెప్పడానికి డిలే. ఒక్కసారి చేసే ఏర్పాట్లు సెటప్‌లో రాయాలి, మళ్ళీ మళ్ళీ చేసే పనులు లూప్‌లో రాయాలి. యూఎస్‌బీ తీగ తగిలించి, కంప్యూటర్ తెర మీద మీట నొక్కితే ప్రోగ్రాం బోర్డులోకి వెళ్ళిపోతుంది. రిజిస్టర్లూ బిట్లూ ఎక్కడికీ పోలేదు. నేర్చుకునేవాడు సిద్ధమయ్యేదాకా అవి తెర వెనక ఉంటాయి.

మన పిల్లలకు అక్షరాభ్యాసం ఎలా చేస్తామో గుర్తు చేసుకోండి. బియ్యం పళ్ళెంలో వేలు పట్టించి ఓనమాలు దిద్దిస్తాం. ఆ రోజు వ్యాకరణం చెప్పం. అక్షరం తన వేలి కింద పుట్టిందన్న సంతోషం ముందు పిల్లవాడికి కలగాలి. సంధులూ సమాసాలూ ఆ తర్వాత అవే వస్తాయి. ఒక సెకను వెలిగి, ఒక సెకను ఆరే ఎల్ఈడీ ఈ చదువులో ఓనమాలు. ఈనాడు ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఈ అభిరుచిలోకి అడుగుపెట్టినా సాధారణంగా మొదట దిద్దేది ఆ అక్షరాన్నే. దిద్దించిన మొదటి చెయ్యి బరగాన్‌ది.

ఎనిమిది కిలోబైట్ల పలక

వైరింగ్ బోర్డు మీద ఏటీమెగా128 అనే ఏవీఆర్ చిప్పు ఉండేది. 128 కిలోబైట్ల మెమరీ, 64 కాళ్ళు. మంచి శక్తి గల చిప్పే. కానీ దాని కాళ్ళు సన్నటి వెంట్రుకల్లా బోర్డుకు అతుక్కుని ఉంటాయి. ఇంట్లో కూర్చుని టంకం వేసుకోవడం కష్టం, కాలిపోతే పీకి మార్చడం ఇంకా కష్టం.

2005లో బాంజీ, మాల్మో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన స్పెయిన్ ఇంజినీరు డేవిడ్ క్వార్టియెల్స్, విద్యార్థి డేవిడ్ మెల్లిస్ కలిసి ఇంకా చవకైన దారి వెతికారు. ఏటీమెగా8 అనే చిన్న చిప్పు తీసుకున్నారు. మెమరీ 8 కిలోబైట్లే. కాళ్ళు 28, అవీ లావుగా, సాకెట్లో గుచ్చి పెట్టేంత దృఢంగా ఉంటాయి. చిప్పు కాలిపోతే చేత్తో ఊడదీసి ఇంకోటి గుచ్చుకోవచ్చు, బోర్డు పారేయనక్కర్లేదు. చేయి కాల్చుకునే స్వేచ్ఛ అలా చవకైంది. బోర్డు ధర 30 డాలర్ల చుట్టూ ఉండాలని నిర్ణయించుకున్నారు. నలుగురు బయటికెళ్ళి పిజ్జా తింటే అయ్యేంత ఖర్చన్నమాట. వైరింగ్ కోడును ఈ చిప్పుకు అనువుగా మార్చి, దాన్ని వేరే శాఖగా నడిపించారు.

కొత్త శాఖకు పేరు కావాలి. బృందం సాయంత్రాలు కలుసుకునే బార్ ఒకటి ఊళ్ళో ఉంది. దాని పేరు ఆర్డుయినో రాజు బార్. 1002లో ఇటలీ రాజుగా కిరీటం పెట్టుకుని, రెండేళ్ళకే జర్మనీ రాజు రెండో హెన్రీ చేతిలో ఓడిన ఇవ్రెయా ప్రభువు పేరది. వెయ్యేళ్ళ కిందటి ఆ ఓడిన రాజు పేరే బోర్డుకు పెట్టారు.

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఇదే విషయం బోధించే టామ్ ఐగో, ఊళ్ళోనే బోర్డుల తయారీ తెలిసిన జాన్‌లూకా మార్టీనో కూడా బృందంలో చేరారు. పని నిజంగా సులువేనా అని చూడడానికి 300 ఖాళీ బోర్డులు విద్యార్థుల చేతిలో పెట్టారు. సూచనలు చదువుకుని విడిభాగాలు మీరే అతికించండి, దానితో ఏదో ఒకటి చేయండి అన్నారు. మొదట తయారైన వస్తువుల్లో ఒకటి పైకప్పుకు తీగతో వేలాడే అలారం గడియారం. ఇంకాస్త పడుకుంటానని మీట నొక్కిన ప్రతిసారీ అది కొంచెం పైకి వెళ్ళిపోయేది. చివరికి దాన్ని అందుకోవాలంటే మంచం దిగక తప్పేది కాదు. నిన్నటిదాకా రెసిస్టర్ ఎరగని విద్యార్థుల చేతిలోంచి వచ్చిన వస్తువది. బడి పనిచేసిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

తాళం వేయని ఇల్లు

అప్పటికే ఆ విద్యాసంస్థకు గడ్డుకాలం మొదలైంది. నిధులు తగ్గాయి. ఇవ్రెయాలో తలుపులు మూసి మిలాన్‌కు తరలించే నిర్ణయం జరిగింది. సంస్థతో పాటు తమ పని కూడా ఏ బీరువాలోనో చిక్కుకుపోతుందేమో అన్న భయం బృందానికి పట్టుకుంది. అప్పుడు తీసుకున్న నిర్ణయమే ఆర్డుయినోను ఆర్డుయినో చేసింది. బోర్డు డిజైను మొత్తాన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద లోకానికి ఇచ్చేశారు. ఎవరైనా చూడవచ్చు, తయారుచేయవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు. ఆర్డుయినో అన్న పేరు ఒక్కటే తమ దగ్గర ఉంచుకున్నారు.

సాఫ్ట్‌వేర్‌ను అలా పంచుకోవడం అప్పటికే ఉంది. ఆర్డుయినోలో మనం రాసే కోడును చిప్పు భాషలోకి మార్చే కంపైలర్ 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన జీసీసీ వంశంలోదే. దాని మీద ప్రాసెసింగ్ తెర, ఆ తెర మీద వైరింగ్ భాష, దాని మీద ఆర్డుయినో. ఒకరు వేసిన మెట్టు మీద ఇంకొకరు నిలబడి కట్టిన మేడ ఇది. రాగి, ఫైబరు, ప్లాస్టిక్కుతో చేసిన వస్తువును కూడా అలాగే పంచవచ్చని చూపడం ఆర్డుయినో బృందం గొప్పతనం.

ఫలితం త్వరగానే కనబడింది. 2007లో వచ్చిన బోర్డుకు డీచీమీలా అని పేరు పెట్టారు. ఇటాలియన్‌లో పదివేలు అని అర్థం. అప్పటికి అన్ని బోర్డులు తయారయ్యాయన్న సంతోషానికి గుర్తు. ఇటలీ పటాన్ని వెనక ముద్రించుకున్న ఊనో 2010లో వచ్చింది. 32 కిలోబైట్ల మెమరీ, 14 డిజిటల్ పిన్నులు, 6 అనలాగ్ పిన్నులు. అనలాగ్ పిన్ను సున్నా నుంచి అయిదు వోల్టుల దాకా వచ్చే వోల్టేజీని 0 నుంచి 1023 వరకు అంకెలుగా చదువుతుంది. వెలుగు, వేడి, మట్టిలో తేమ, దేన్నయినా అంకెగా మార్చుకుంటే దానితో కబుర్లాడవచ్చు. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ మొదలుపెట్టిన రెప్‌రాప్ ప్రాజెక్టు ఇంటింటి త్రీడీ ప్రింటర్లకు బాట వేసింది. ఒకప్పుడు ఆ ప్రింటర్లలో చాలా వాటి మెదడు ఆర్డుయినో మెగా బోర్డే.

తప్పు నిలిచింది

ఇప్పుడు ఆ ఎడం సంగతి. అది ఒక పొరపాటు. బోర్డు గీసేటప్పుడు రెండు సాకెట్ల వరసలనూ సరైన కొలతకు జరపడంలో జరిగిన తప్పు. గుర్తించేసరికి బోర్డులు జనంలోకి వెళ్ళిపోయాయి. వాటి మీద గుచ్చుకునే షీల్డులను, అంటే మోటార్లు నడిపేవి, నెట్‌వర్కుకు కలిపేవి లాంటి పై పలకలను, ఎందరో ఆ కొలతకే తయారుచేసుకున్నారు. తప్పు దిద్దితే వాళ్ళందరి పనీ వృథా అవుతుంది. అందుకని దిద్దలేదు. మామూలు చిల్లుల బోర్డు మీద సొంత షీల్డు అతికించుకుందామనుకున్న ప్రతివాడూ ఈ ఎడం దగ్గర ఒకసారి తల పట్టుకునే ఉంటాడు. అయినా ఊనో ఆకారంలో ఏ దేశంలో ఏ కంపెనీ బోర్డు చేసినా ఆ 4.06 మిల్లీమీటర్లను భక్తిగా నిలబెడుతూ వస్తోంది.

హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీకి వెళితే కొన్ని వందల రూపాయలకే ఊనో తరహా బోర్డు దొరుకుతుంది. అందులో చాలావాటిని చైనాలో చేస్తారు. అవి దొంగసరుకు కావు. ఆర్డుయినో అన్న పేరు వాడనంత వరకు ఆ డిజైను అందరిదీ. 2016లో నీతి ఆయోగ్ మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతోంది. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లల కోసం ఏర్పాటైన ఆ గదుల్లో ఇలాంటి బోర్డులు ఉంటాయి. ఇవ్రెయాలో ఆనాడు తాళం వేసి ఉంటే, మన మండల కేంద్రంలోని బడి పిల్లవాడికి ఇంత చవగ్గా ఆ పలక అందేదా? జిల్లా సైన్స్ ఫెయిర్‌లో మట్టి తేమ చూసి మోటారు వేసే నమూనా పక్కన గర్వంగా నిలబడిన అమ్మాయిని చూసినప్పుడల్లా నాకు ఆ నిర్ణయమే గుర్తొస్తుంది.

దానితో పాటే బరగాన్ కూడా గుర్తొస్తారు. చదువు ముగించుకుని ఆయన కొలంబియా వెళ్ళిపోయి, అక్కడి లాస్ ఆండీస్ విశ్వవిద్యాలయంలో వైరింగ్ పని కొనసాగించారు. ఆర్డుయినో బృందంలోకి తనను పిలవలేదని 2016లో ఆయనే తన వైపు కథ వివరంగా రాశారు. వైరింగ్‌ను ఆయన అందరికీ ఇచ్చారు కాబట్టి దాన్ని తీసుకుని వేరే శాఖ నడపడం నియమం తప్పిన పని కాదు. ఆర్డుయినో తన భాష వైరింగ్ నుంచి వచ్చిందని చెప్పుకుంది కూడా. అయినా లోకం నోట నిలిచింది బార్ పేరే, బరగాన్ పేరు కాదు. పంచి ఇచ్చినవాడు వెల అడగడు. పుచ్చుకున్నవాళ్ళం పేరైనా తలచుకోవాలి. ఈ విద్యలో మనం కట్టగలిగిన గురుదక్షిణ అంతవరకే.

వేరెవరి పనో వృథా కాకూడదని ఒక పొరపాటును ఇరవై ఏళ్ళుగా మోస్తున్న లోకం మనది. ఆ ఓపికలో ఒక పేరుకు కూడా చోటుంది. ఈసారి మీ ఇంట్లో పిల్లలు ఆ పలక మీద మొదటి దీపం వెలిగించినప్పుడు, ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఎడం చూపించి ఎందుకలా ఉందో చెప్పండి. తర్వాత పిన్‌మోడ్ అన్న మాట మీద వేలు పెట్టి, దీన్ని మనకు ఇచ్చింది కొలంబియా నుంచి వచ్చిన ఒక విద్యార్థి అని చెప్పండి.

*వచ్చే భాగంలో: కంప్యూటర్ చదువుకు దరఖాస్తులు తగ్గిపోతున్నాయని బెంగపెట్టుకున్న కేంబ్రిడ్జ్ పరిశోధకుడు ఎబెన్ అప్టన్ 2006లో ఒక ఏవీఆర్ చిప్పుతోనే చేసి చూసిన తొలి నమూనా, దాని నుంచి 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల రాస్ప్‌బెరీ పై బయటికొచ్చిన కథ.*

(సశేషం)